సూసన్నమ్మ బియ్యం డబ్బా

ఆదివారం ప్రసంగం చెయ్యలేనని చెప్పడానికి ఆశీర్వాదం శనివారం పొద్దున్నే సూసన్నమ్మ ఇంటికి వెళ్లాడు.

ఆ ఉప్పు మడుల ఊరికి సూసన్నమ్మ నలభై ఏళ్లుగా ఉపదేశి. పాస్టరుగారు నెలకోసారి పట్నం నుంచి వచ్చి వెళతారు. మిగతా రోజుల్లో పిల్లలకు వాక్యం నేర్పేదీ, జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన కూర్చునేదీ ఆవిడే. ఇప్పుడు డెబ్బై దాటాయి. తన తర్వాత ఆ పని చూసుకుంటాడని ఆశీర్వాదాన్ని ఎంచుకుని, రెండేళ్లుగా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతోంది. మర్నాడు అతను మొదటిసారి గుడిలో నిలబడి మాట్లాడాలి. రేపటి గురించి బెంగపడవద్దని ప్రభువు చెప్పిన మాటల మీద.

అక్కడే వచ్చింది చిక్కు.

ఆశీర్వాదం ఉప్పు రైతు. ఎనిమిదేళ్ల కిందట వరసగా రెండు వేసవులు అకాల వర్షాలు పడ్డాయి. గట్ల మీద పోసిన కుప్పలు తాటాకులు కప్పేలోపే కరిగి కాలవలో కలిసిపోయాయి. అప్పిచ్చినవాళ్లు గేదెను తోలుకుపోయారు. ఇంటి మీది రేకులు కూడా అమ్ముకుని తాటాకు కప్పుకోవాల్సి వచ్చింది. మూడేళ్లపాటు అతనూ, భార్య రాహేలూ, ఇద్దరు ఆడపిల్లలూ ఒక పూట తిని ఒక పూట మంచినీళ్లు తాగి పడుకున్నారు.

తర్వాత ఉప్పు బాగా పండింది. ధర పలికింది. అప్పులు తీరాయి. తాటాకు కప్పు పోయి స్లాబు పడింది. దేవుడు మేలు చేశాడని అందరూ అన్నారు. ఆశీర్వాదమూ అన్నాడు. భయం మాత్రం అతన్ని వదిలిపెట్టలేదు. ఎక్కడో చిన్న మబ్బు కనిపిస్తే కంచం ముందు నుంచి లేచి మడుల వైపు పరిగెత్తేవాడు. రాహేలు కూరలో నూనె పోస్తుంటే చూడలేక వీధిలోకి వెళ్లిపోయేవాడు. పెద్దపిల్ల పుస్తకం కావాలంటే పాతది ఎవరి దగ్గరైనా ఉందేమో చూడమనేవాడు.

పోయిన నెల రాహేలుకి జ్వరం వచ్చింది. ఆస్పత్రంటే ఎంతవుతుందో ఏమో, రేపు చూద్దాంలే అన్నాడు. మర్నాడూ అదే మాట అన్నాడు. మూడో రోజు ఆమె మాట తడబడేసరికి ఆటోలో వేసుకుని పట్నం పరిగెత్తాడు. ఆమె బతికింది. ఇంటికొచ్చాక పోట్లాడలేదు, ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"డబ్బు లేదేమో అనుకున్నాను. ఉందిగా?"

అప్పటి నుంచి అతను ఆమె మొహంలోకి చూడలేకపోతున్నాడు.

ఇదంతా అతను సూసన్నమ్మ ముందు నేల మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. ఆవిడ చేటలో మునగాకు దూసుకుంటూ వింది.

"రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా? నాకు విశ్వాసం లేదు. ఉంటే, ఇంత మేలు చూశాక కూడా ఈ భయమెందుకుంటుంది? మీలాంటి వాళ్లకు ఇది తెలీదు."

సూసన్నమ్మ ఇంకో రెమ్మ తీసుకుంది.

అంతలో గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. పోలమ్మ. మడుల్లో ఉప్పు గంపలు మోసే మనిషి. వానలు మొదలయ్యాక ఉప్పు పని ఆగిపోయింది. లోపల ఆశీర్వాదాన్ని చూడగానే ఆమె తల దించుకుంది. అతనూ దించుకున్నాడు. రెండు రోజుల కిందట ఆమె అతని గుమ్మంలోకే వచ్చి, వచ్చే ఏడు పనికి జమ వేసుకొమ్మని కాస్త డబ్బు అడిగింది. లేదన్నాడు.

"అమ్మగారూ, నాలుగు గింజలుంటే..." అంది పోలమ్మ.

"ఆశీర్వాదం, ఆ మంచం కింద డబ్బా ఇటు లాగవయ్యా."

లాగాడు. తేలిగ్గా వచ్చేసింది. మూత తీస్తే బియ్యం సగానికి కూడా లేవు. సూసన్నమ్మ ముందు చెయ్యి లోపలికి పెట్టి అడుగు తగిలేదాకా చూసుకుంది. తర్వాత ఒక సోలెడు తీసి పోలమ్మ పట్టిన కొంగులో పోసింది.

రెండో సోల నింపి పైకి తీసేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. వణికింది. సోల అంచు మీంచి గింజలు నేల మీద రాలాయి.

ఆశీర్వాదం గబుక్కున లేచాడు. "ఇటివ్వండమ్మా, నేను పోస్తాను. పెద్దవారు, చెయ్యి పట్టు తప్పుతోంది."

"పెద్దతనం కాదులే. కూర్చో."

ఆ వణుకుతున్న చేత్తోనే రెండో సోల పోసింది. మూడోదీ పోసింది. పోలమ్మ కొంగు ముడి వేసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

సూసన్నమ్మ నేల మీద రాలిన గింజల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూనే అంది:

"పెద్ద తుపాను వచ్చిన ఏడు మా చిన్నది గంజి అడిగింది. నా దగ్గర లేదు."

ఆవిడకు కొడుకొకడే అనుకున్నాడు ఆశీర్వాదం ఇన్నాళ్లూ. చిన్నది అంటూ ఒక పిల్ల ఉండేదని ఆ ఊళ్లో ఎవరి నోటా వినలేదు. తనూ వంగి గింజలు ఏరసాగాడు.

"నలభై ఆరేళ్లయింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఈ డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకుంటాను. నిండుగా ఉన్న రోజు కూడా చూసుకుంటాను. ఎవరికైనా కొలిచేటప్పుడు ఈ చెయ్యి ఇట్టాగే చేస్తుంది."

"మరి ఎట్టా ఇస్తున్నారమ్మా?"

"మొదట్లో, వణుకు తగ్గాక ఇద్దామని ఆగాను. తగ్గలేదు." ఏరిన గింజలు డబ్బాలో వేసి మూత పెట్టింది. "భయం నాదేనయ్యా. బియ్యం మాత్రం నావి కావు."

ఆశీర్వాదం ఆ డబ్బా వైపు చూశాడు. అందులో ఇక వారానికి సరిపడా ఉంటాయేమో.

"మళ్లీ ఎట్టా నిండుతుందమ్మా?"

"తెలీదు," అంది సూసన్నమ్మ. చేట మళ్లీ ముందుకు లాక్కుంది. మిగిలిన రెమ్మలు దూసి, ఈనెలు పక్కన పెట్టి, ఆకు గిన్నెలో వేసింది. ఆ తర్వాత తలమీద కొంగు సర్దుకుంది.

"ప్రార్థన చేసుకుందాం. నువ్వు చెయ్యి."

ఆశీర్వాదం మోకాళ్ల మీదికి వచ్చి కళ్లు మూసుకున్నాడు. రెండేళ్లుగా నేర్చుకున్న మాటలు చాలానే ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ స్వరం పెంచాలో, ఎక్కడ తగ్గించాలో అతనికి బాగా తెలుసు. ఆ పూట అవేవీ రాలేదు. వీధిలో ఎవరో సైకిలు మీద చేపలమ్ముకుంటూ పోయారు. ఆ కేక దూరమయ్యేదాకా అతను అలాగే ఉన్నాడు.

"ప్రభువా, నాకు భయంగా ఉంది," అన్నాడు.

ఇంకేదో అనబోయాడు. చేతులు జోడించి తల వంచాడు.

అతను ఇక మాట్లాడడని తెలిశాక సూసన్నమ్మ, "ఆమెన్," అంది.

కళ్లు తెరిచి, పక్కన పెట్టిన ఈనెలు ఎత్తుకుంటూ చెప్పింది.

"రాహేలు కూడా గుడికి వస్తుందిగా. రేపు నువ్విప్పుడన్న మాట నుంచే మొదలుపెట్టు."