మీసాల్లేని చేప

అనగనగా కొండ మీద, పొద్దెక్కేదాకా పొగమంచు వీడని ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. దానికి నూకాలు అని ఒక చెల్లెలు.

ఒకనాడు సంతలో చేపపిల్లలు అమ్మేవాడి దగ్గర నూకాలు వేలెడంత నల్లచేపను ఏరి తెచ్చుకుంది. పెరట్లో రాతితొట్టిలో వదిలింది. పక్కింటి దాలయ్య మావ తొంగి చూశాడు.

“బంగారుతీగ పిల్లేనే. పెరగనీ, పులుసు పెట్టుకుందాం.”

“బంగారుతీగకి మూతి దగ్గర మీసాలుంటాయి మావా,” అంది నూకాలు. “ దీనికి లేవు చూడు. ఇది అద్దాల తొట్టెల్లో పెంచే ఎర్రచేప. చిన్నప్పుడు నల్లగానే ఉంటుంది.”

“ఓహో. నీకూ మీసాల్లేవుగా, మీరిద్దరూ చుట్టాలేలే,” అని మావ నవ్వుకుంటూ పోయాడు.

అప్పుడు నూకాలుకి కీళ్ళజ్వరం పట్టుకుంది. నాన్న పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బండెక్కుతూ నూకాలు, “నేనొచ్చేదాకా దాన్ని చూసుకో అక్కా,” అంది.

పైడమ్మ కంటికి రెప్పలా చూసుకుంది. రోజూ కాస్త పాతనీరు తీసి కొత్తనీరు పోసేది. పిల్లి రాకుండా తడిక కప్పేది. వానలు వెలిసేసరికి చేప పొట్ట పసుపెక్కింది. ఆ తర్వాత వీపు. ఆ తర్వాత తోక. చివరికి ఒళ్ళంతా ఎర్రబడింది. చేప ఈదినన్నాళ్ళూ చెల్లికేం కాదని పైడమ్మ మనసులో ఒక నమ్మకం కట్టుకుంది.

అప్పుడు చలికాలం వచ్చింది. చేప అడుగుకు చేరి కదలడం మానేసింది. మెతుకులు వేస్తే ముట్టలేదు. తొట్టికి గోనెపట్టా కప్పినా పైకి రాలేదు. చెల్లికేమవుతుందోనని పైడమ్మకి భయం పట్టుకుంది.

ఆ ఊళ్ళో చలికి ఎవరు ముడుచుకున్నా మందు ఒకటే. చంటిబిడ్డకూ వేణ్ణీళ్ళే, ఈనిన ఆవుకూ వేణ్ణీళ్ళే. పైడమ్మ తన స్నానానికి కాచిన నీళ్ళే తెచ్చి ఒక చెంబు పోసింది. చేప కదిలింది. మురిసిపోయి ఇంకో చెంబు పోసింది. చేప గిరగిరా తిరిగింది. మూడో చెంబుకి పక్కకి ఒరిగి తేలిపోయింది.

అవునమ్మా, చచ్చిపోయింది. ప్రేమగా పోసినా వేణ్ణీళ్ళు వేణ్ణీళ్ళే కదా.

ఆ తర్వాత, చలి తగ్గాక, నూకాలు చీపురుపుల్లలా చిక్కి ఇంటికొచ్చింది. నేరుగా తొట్టి దగ్గరికే వెళ్ళింది. పైడమ్మ తల వంచుకుని జరిగిందంతా చెప్పింది.

నూకాలు ఖాళీ తొట్టిలోకి వంగి చూసింది. “ఎర్రబడిందా అక్కా?”

“పడింది. మోదుగుపువ్వులా ఉండేది.”

“నన్నూ అక్కడ కదలొద్దన్నారు. ఊరికే పడుకోబెట్టారు. అలా పడుకునే బాగయ్యాను. అదీ అంతేనేమో అక్కా, చలి పోయేదాకా పడుకుందేమో.”

తిట్టినా బాగుండేది. ఆ మాటకి పైడమ్మ కుప్పకూలి ఏడ్చింది. నూకాలు తన సన్నటి చేతులతో అక్క తలని ఒళ్ళోకి తీసుకుంది.

చన్నీళ్ళ చేపకు చలిలోనె జోల,
చిన్నారి తల్లికి నా ఒడే ఉయ్యాల.
కథ పోయె కంచికి, కన్నీళ్ళు కొంగుకి,
మనమేమొ ఇంటికి, నిదరేమొ కంటికి.