సీటు పోత

సుధన్వకు ఆ మంగళవారం పొద్దున వచ్చిన ఫోను రెండు నిమిషాలు కూడా సాగలేదు.

"జట్టు వేరేగా ఆలోచిస్తోంది సుధన్వా. వచ్చే రేసు నుంచి నీ కారు ఇంకొకరు నడుపుతారు. నీ కష్టాన్ని ఎవరూ మర్చిపోరు," అన్నాడు మేనేజరు కురియన్. అతని వెనకాల ఎవరో పానాలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేనేం తప్పు చేశాను సార్?"

"తీరిగ్గా మాట్లాడదాం," అని కురియన్ పెట్టేశాడు.

సుధన్వకు ఇరవై అయిదేళ్ళు. పన్నెండో ఏట మొదలుపెట్టి రేసులు తప్ప ఇంకో పని నేర్చుకోలేదు. ఈ జట్టులో రెండేళ్ళుగా ఉన్నాడు. ఈ ఏడాది నాలుగు రేసులయ్యేసరికి పట్టికలో అయిదో స్థానంలో ఉన్నాడు. అదే జట్టులో రెండో కారు నడిపేవాడు ఏడో స్థానంలో ఉన్నాడు. అతన్ని ఉంచారు, ఇతన్ని తీసేశారు.

ముందుగా ఏమీ తెలియలేదని కాదు. రెండో రేసు తర్వాత కారు ముక్కుకు బిగించే కొత్త రెక్క ఒకటే తయారైతే, దాన్ని రెండో కారుకు బిగించారు. రేసు నడుస్తుండగా రేడియోలో గంటసేపైనా మాట్లాడే ఇంజనీరు "సరే", "చూద్దాం" దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టాడు. భోజనాల దగ్గర ఇతను కూర్చుంటే పక్కవాళ్ళకు ఏదో పని గుర్తొచ్చేది. మూడు వారాల కిందట గేర్‌బాక్సు విప్పాం, ప్రాక్టీసుకు రావద్దన్నారు. ఆ రోజు అదే కారును ఇంకెవరో నలభై చుట్లు తిప్పారని తర్వాత టైర్లతను నోరు జారాడు. ఎక్కడ బ్రేకు తొక్కాడు, ఎక్కడ వదిలాడు అని ఇద్దరి గీతలూ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుంటారు. ఆ గదిలోకి సుధన్వను పిలవలేదు. మాట్లాడింది మాత్రం అతని కాళ్ళ గురించీ చేతుల గురించే.

రెండు రోజులు అన్నం సయించలేదు. మిగతా జట్లకు ఫోన్లు చేశాడు. చాలామంది ఎత్తలేదు. ఒకాయన "సీజను మధ్యలోనా?" అని నవ్వాడు. ఇంకొకాయన వచ్చే ఏడాది గుర్తుచెయ్యమన్నాడు. వచ్చే ఏడాదికి తనకు ఇరవై ఆరు వస్తాయి, ఆ వరసలో నిలబడేవాళ్ళకు పద్దెనిమిది, పంతొమ్మిది. అది గుర్తొచ్చాక సుధన్వ ఫోను పక్కన పడేశాడు.

గురువారం పొద్దున్నే బస్సెక్కి నెల్లూరులో ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు.

ఉస్తాద్ అసలు పేరు మస్తాన్. డెబ్భై దాటిన మనిషి. వయసులో ఉండగా మద్రాసు దగ్గర షోలవరంలో రేసులు నడిపాడు, తర్వాత ముప్ఫై ఏళ్ళు మెకానిక్కు పని చేశాడు. ఇప్పుడు ఆటోనగర్ చివర ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో నేర్చుకున్న ఏడెనిమిది మంది పెద్ద జట్లకు వెళ్ళారు. ఎవరినీ మెచ్చుకోడు, ఎన్నో స్థానం వచ్చిందని అడగడు. సుధన్వ తన దగ్గర చేరిన కొత్తలో మూడు నెలలు కారు ముట్టనివ్వకుండా బ్రేకులు విప్పించి తుడిపించాడు.

సుధన్వ వెళ్ళేసరికి ఉస్తాద్ ఒక రేకు డబ్బా మూత తీస్తున్నాడు.

"నన్ను తీసేశారు ఉస్తాద్."

"తెలుసు అబ్బయా."

"ఎవరు చెప్పారు?"

"పోయిన వారం కురియన్ ఫోన్ చేసినాడు. కొత్త పిల్లోడికి సీటు పొయ్యాలన్నాడు."

పోయిన వారం. అంటే తనకు చెప్పక ముందే. సుధన్వ బల్ల అంచు పట్టుకున్నాడు.

రేసు కారులో సీటు బజారులో కొనుక్కునేది కాదు. నడిపే మనిషిని కారులో కూర్చోబెట్టి, వీపు వెనక ప్లాస్టిక్ సంచీలో రెండు రకాల మందు కలిపి పోస్తారు. అది నురుగులా పొంగి, వేడెక్కి, పావుగంటలో ఆ మనిషి ఒంటి అచ్చుగా గట్టిపడుతుంది. అలా పోసిన సీటు ఆ ఒక్కడికే సరిపోతుంది. ఆ పనిలో ఉస్తాద్ చెయ్యి తిరిగినవాడు. మద్రాసు నుంచి కూడా డ్రైవర్లను ఆయన దగ్గరికి పంపుతారు.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నా."

"నాకొక్క మాట చెప్పలేదే?"

"చెప్పాల్సినోళ్ళు వాళ్ళు."

"సరే. ఇప్పుడన్నా చెప్పండి. నాలో లోపం ఏంటి? చెబితే దిద్దుకుంటాను. ఏమీ చెప్పకుండా పొమ్మంటే ఎట్లా పోను?"

ఉస్తాద్ గోడ మీది గడియారం వంక చూశాడు.

"పదకొండింటికి ఆ అబ్బాయి వస్తాడు. ఈ పనికి ఇద్దరు కావాలి. మందు పొంగేటప్పుడు మనిషిని పైకి లేపేస్తది. వెనక నిలబడి భుజాలు అదిమి పట్టాల. నువ్వుండు."

"నా సీటు లాక్కున్నవాడికి నేను పట్టాలా?"

"పోతానంటే పో అబ్బయా. గేటు తీసే ఉంది."

సుధన్వ గేటు దాకా వెళ్ళాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఎడమకు తిరిగితే బస్టాండు, కుడికి తిరిగితే హైవే. ఏ వైపు వెళ్ళినా రేపు పొద్దున లేచి చెయ్యాల్సిన పని లేదు. కాసేపు అక్కడే నిలబడి వెనక్కి వచ్చాడు.

షెడ్డు మధ్యలో ఇంజనూ చక్రాలూ లేని పాత రేసు కారు గుల్ల ఒకటి, వాకిలి వైపు ముఖం పెట్టి ఉంటుంది. దాని వెనక చిన్న గది. ఉస్తాద్ సుధన్వను ఆ గదిలో ఉండమన్నాడు.

వచ్చినవాడి పేరు నిహాల్. హైదరాబాదు కుర్రాడు, పంతొమ్మిదేళ్ళుంటాయి. రేసు దుస్తులు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని గుల్లలోకి దిగాడు. కాళ్ళు పెడల్స్ మీద, చేతులు స్టీరింగు మీద పెట్టించి, "ఇక కదలగూడదు, తల కూడా తిప్పగూడదు," అని ఉస్తాద్ చెప్పాడు. అప్పుడు వెనక్కి చూసి చెయ్యి ఊపాడు.

సుధన్వ వచ్చి నిహాల్ భుజాల మీద చేతులు వేశాడు. సన్నటి భుజాలు.

మందు పోశారు. సంచీ బుసబుసమంటూ పొంగింది.

"అన్నా, మస్తు వేడైతుంది," అన్నాడు నిహాల్ నవ్వుతూ. వెనక ఉన్నది షెడ్డులో పనిచేసే మనిషి అనుకున్నాడు. భయానికో, ఉత్సాహానికో మాట్లాడుతూనే ఉన్నాడు. "ఈ కారు ఇంతకుముందు సుధన్వ అన్న నడిపెటోడు. తెలుసా మీకు? మంచి డ్రైవరే. కానీ పదో చుట్టు దాటితే చేతులు బరువెక్కుతయంట. టీంలో అందరికీ తెలుసు. ఆయనకొక్కడికే తెల్వదంట."

సుధన్వకు తెలుసు. కిందటేడాది నుంచీ తెలుసు. పదో చుట్టు తర్వాత స్టీరింగు చేతుల్లో ఇనుపగుండులా అయ్యేది. ఆ సంగతి ఇంజనీరుకు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, ఉస్తాద్‌కీ చెప్పలేదు. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాడు. తను దాచుకున్నదాన్ని భోజనాల బల్ల దగ్గర అందరూ పంచుకున్నారన్నమాట.

అతని ఎడమ బొటనవేలు బిగిసింది. నిహాల్ ఎడమ భుజం అరంగుళం కిందికి దిగింది.

ఆ అరంగుళం ఏం చేస్తుందో సుధన్వకు తెలుసు. మొదట్లో ఏమీ తెలియదు. ఎనిమిదో చుట్టుకు ఎడమ తుంటి తిమ్మిరెక్కుతుంది. బ్రేకు తొక్కడం వెంట్రుకవాసి ఆలస్యమవుతుంది. అది గీతల్లో పడుతుంది. ఈ పిల్లాడూ పనికిరాడంటారు. ఎందుకు పనికిరాకుండా పోయాడో ఎవరికీ, ఆ పిల్లాడికీ తెలియదు.

వేలు తియ్యలేదు. మందు గట్టిపడింది.

ఉస్తాద్ సైగ చేశాడు. సుధన్వ గదిలోకి వెళ్ళిపోయాడు. నిహాల్‌ను లేపి, బయటికెళ్ళి నీళ్ళు తాగి రమ్మని పంపి, ఉస్తాద్ అచ్చులో చెయ్యి పెట్టి తడిమాడు. కుడి పక్క తడిమాడు. ఎడమ పక్కకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడే కాసేపు ఉంచాడు.

తలుపు సందులోంచి సుధన్వ చూస్తున్నాడు. ఉస్తాద్ అతని వైపు చూడలేదు.

గోడకు వేలాడే రంపం తీసి, అచ్చును నిలువునా కోసి, రెండు ముక్కలూ మూలకు విసిరేశాడు. నిహాల్ పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏమైంది సార్?"

"మందు సరిగ్గా కలపలా. తప్పు నాది అబ్బయా. మళ్ళీ పోద్దాం, కూర్చో."

ఇన్నేళ్ళలో ఉస్తాద్ నోట తప్పు నాది అనే మాట సుధన్వ ఎన్నడూ వినలేదు. కుర్రాడు కూర్చున్నాక ఉస్తాద్ మళ్ళీ వెనక్కి చూసి, ఇందాకటి లాగే చెయ్యి ఊపాడు.

సుధన్వ వచ్చి భుజాలు పట్టుకున్నాడు. ఈసారి రెండు చేతులూ తేలిగ్గా, సమంగా వేసి, కళ్ళు నేలకు దించాడు.

మందు పొంగి వీపుకు తగిలినప్పుడు నిహాల్ మెల్లగా అడిగాడు.

"అన్నా, ఆ అన్నను ఫోన్‌లోనే తీసేసిండ్రంట. నన్ను కూడా ఒకరోజు గట్లనే తీసేస్తరా?"

సుధన్వకు రెండేళ్ళ నాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

ఈ గుల్లలోనే, ఇలాగే వాకిలి వైపు చూస్తూ తనూ కూర్చున్నాడు. వెనక ఎవరివో చేతులు. పెద్ద చేతులు, అరచేతులు కాయలు కాసినవి. షెడ్డు మనిషే అనుకున్నాడు. ఆ ఉత్సాహంలో తనూ వాగాడు. అప్పటిదాకా ఆ కారు నడిపినవాడు మనోహర్. ముప్ఫై నాలుగేళ్ళు, ఏడేళ్ళు ఆ జట్టుకే నడిపాడు. "ముసలాయన్ని ఇన్నాళ్ళు ఎందుకు మోశారో! ఎప్పుడో ఇంటికి పంపాల్సింది," అని తను నవ్వాడు. హెల్మెట్‌లో ఆ నవ్వు తనకే గట్టిగా వినిపించింది.

ఆ మాటన్నప్పుడు భుజాల మీది చేతులు ఏం చేశాయి? సుధన్వ ఎంత వెతుక్కున్నా ఏమీ గుర్తు రాలేదు. అవి కదల్లేదు.

మందు గట్టిపడింది. నిహాల్ లేచేలోగా సుధన్వ గదిలోకి వెళ్ళి గోడకు చేరబడ్డాడు. బయట ఉస్తాద్ అచ్చును తడిమి, "బాగుంది," అనడం వినిపించింది. కుర్రాడు ఫోనులో వాళ్ళ నాన్నతో "అయిపోయింది డాడీ, సూపర్‌గా సెట్టయింది," అంటూ సీటు కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఉస్తాద్ పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. సుధన్వ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నాకు ఇంకో జట్టు దొరుకుతుందా ఉస్తాద్?"

"దొరక్కపోవచ్చు."

ఆ మాటలో మెత్తదనం లేదు, కోపమూ లేదు. సుధన్వ తలూపాడు. తర్వాత అసలు అడగాలనుకున్నది అడిగాడు.

"నాకు సీటు పోసిన రోజు వెనక పట్టుకున్నది మనోహరన్నేనా?"

ఉస్తాద్ వేళ్ళ సందుల్లో అంటుకున్న మందును గోటితో గీకుతున్నాడు.

"ఈ రెండేళ్ళలో నీకు నడుం ఎప్పుడన్నా పట్టేసిందా అబ్బయా?"

సుధన్వ ఆలోచించాడు. ఓడిపోయిన ప్రతిసారీ టైర్లను అన్నాడు. ఇంజనీరును అన్నాడు. రెక్కను, ఎండను, పక్క కారువాణ్ణి అన్నాడు. సీటును మాత్రం ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అది ఉందన్న సంగతే అతనికి ఎప్పుడూ గుర్తు లేదు.

లేదని తల అడ్డంగా ఊపాడు.

ఉస్తాద్ పక్కకు జరిగి, కుళాయి కట్టకుండా అలాగే వదిలాడు. సుధన్వ వంగి నీళ్ళ కింద చేతులు పెట్టాడు.