వెంకాయమ్మ కాపలా కాసిన బకెట్టు

పిల్లలూ, ఒక్క నిమిషం మాట్లాడకుండా వినండి. వసారాలోంచి గుబగుబ, గుబగుబ అని వినిపిస్తోందే, అదేమిటో చెప్పగలరా? దెయ్యమా? కాదు. ఇడ్లీ పాత్రా? అదీ కాదు. సరే, దుప్పటి కప్పుకోండి. కథ వింటే మీకే తెలుస్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో ఒకే పిట్టగోడకి అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. ఇటు ఇంట్లో సుభద్రమ్మ, ఆవిడ భర్త పానకాలరావు. అటు ఇంట్లో వెంకాయమ్మ. ఈ వెంకాయమ్మకి అన్నీ అనుమానాలే. వాన పడితే కూడా, ఇది నిజంగా వానేనా, డాబా మీంచి ఎవరైనా నీళ్ళు పోస్తున్నారా అని తలెత్తి చూసేది.

సుభద్రమ్మకి ఒక తమలపాకు తీగ ఉండేది. వాళ్ళమ్మ పెరట్లోంచి తెచ్చుకున్నది. ఆ పెరడు ఇప్పుడు లేదు. ఆ తీగకి పిలక ఇంకెక్కడా లేదు. ఎండాకాలం వచ్చేసరికి దాని ఆకులు పసుపుపచ్చబడి రాలిపోసాగాయి. చివరికి నాలుగే మిగిలాయి.

అప్పుడు సుభద్రమ్మ కుండలో చేసుకున్న కంపోస్టు ఎరువు తీసింది. చూస్తే మూడే మూడు దోసిళ్ళు ఉంది. ఒక దోసెడు గుడ్డలో మూటకట్టి, బకెట్టెడు బావినీళ్ళలో వేలాడదీసింది. కాస్త బెల్లం కలిపింది. చేపల తొట్టెలో గాలి ఊదే చిన్న మోటారు ఉంటుంది చూడండి, దాని గొట్టం నీళ్ళలో పెట్టి స్విచ్చి వేసింది. గుబగుబ, గుబగుబ!

గాలి ఎందుకూ? చెప్తాను. మంచి ఎరువులో కంటికి కనిపించని బుల్లి జీవులు కోట్ల కొద్దీ ఉంటాయి. బెల్లం వాటికి అన్నం. తిని, పెరిగి, మొక్క వేళ్ళకి సాయం చేస్తాయి. మరి వాటికి ఊపిరి ఆడాలి కదా? మీ ముక్కు మూస్తే మీరు ఊరుకుంటారా? ఒక రోజంతా గాలి ఆడితే, తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తుంది. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా మొక్కకి పోసెయ్యాలి. గాలి ఆగి కంపు కొట్టిందా, పారబొయ్యాల్సిందే.

పిట్టగోడ మీంచి వెంకాయమ్మ తల లేచింది.

"బెల్లం వేశావు. నురగ వస్తోంది. ఏం వదినా, సారా కాస్తున్నావా?"

"అయ్యో రామ! ఇది మొక్కలకి వదినా."

"మొక్కలు తాగుతాయో, అన్నయ్యగారు తాగుతారో, ఎవరికి తెలుసు!"

మధ్యాహ్నం అందరూ నిద్రపోయారు. సాయంత్రం సుభద్రమ్మ వచ్చి చూస్తే, మోటారు గుబగుబలాడుతూనే ఉంది. నీళ్ళు మాత్రం మురుక్కాలవ కంపు. పారబోసింది.

"పులిసిన వాసన! నే చెప్పలా?" అంది వెంకాయమ్మ.

ఆ తర్వాత రెండో దోసెడు. మళ్ళీ మధ్యాహ్నం నిద్ర, మళ్ళీ సాయంత్రం కంపు. ఈసారి సుభద్రమ్మకీ అనుమానం పుట్టింది.

"గోడ మీంచి ఏం కలిపావు వదినా?"

"నేనా? కావాలంటే నా చేతులు వాసన చూసుకో!"

ఇద్దరికీ మాటల్లేవు. తీగకి రెండే ఆకులు.

మూడో దోసెడు చేతిలో పట్టుకుని సుభద్రమ్మ చాలాసేపు ఆలోచించింది. అప్పుడు గోడ దగ్గరికి వెళ్ళింది.

"వదినా, నీకు నా మీద అనుమానం. నాకు నీ మీద అనుమానం. ఈ ఆఖరి దోసెడు కూడా బకెట్టులో వేస్తున్నాను, నువ్వే వచ్చి దానికి కాపలా కూర్చో. సారా అయితే పోలీసుల్ని పిలు. ఎవరైనా చెయ్యి పెడితే నన్ను పిలు."

'పిలిచి మరీ కూర్చోమంటోందంటే ఇందులో ఏదో ఉంది' అనుకుంటూనే వెంకాయమ్మ వచ్చింది. బకెట్టు పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

మధ్యాహ్నమైంది. సుభద్రమ్మ నడుం వాల్చింది. అప్పుడు పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ ఒకరు వచ్చారు. స్తంభం చాటున కూర్చున్న వెంకాయమ్మని చూసుకోలేదు. మోటారు ప్లగ్గు పీకి, అక్కడ ఫోను ఛార్జరు పెట్టబోయారు.

"అన్నయ్యగారూ! చెయ్యి తియ్యండి!"

ఆ కేకకి వీధంతా లేచింది. పానకాలరావు చేతిలో ఛార్జరు వేలాడుతోంది.

"వసారాలో ప్లగ్గు పెట్టే చోటు ఒక్కటేనమ్మా! ఆవిడ లేచేలోపు మళ్ళీ మోటారుకే పెట్టేస్తున్నాగా!"

"ఎంతసేపు ఆపారు?"

"ఎంతసేపనీ... మధ్యాహ్నమంతా. రెండు రోజులూ."

సుభద్రమ్మ పరుగున వచ్చి ప్లగ్గు పెట్టింది. మొహం చిన్నబోయింది. "నిన్ను అనుమానించాను వదినా."

"నేను మాత్రం నిన్ను నమ్మానా ఏమిటి?" అంది వెంకాయమ్మ. పీట మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ వంగి వాసన చూశారు. తొలకరి మట్టి! తీగ మొదట్లో పోశారు. పది రోజులకి గోరంత చిగురు వచ్చింది. తీగ సాగి సాగి గోడ దాటి అటువైపు పాకింది.

"అటొచ్చిన ఆకులు నీవే వదినా," అంది సుభద్రమ్మ.

వెంకాయమ్మ ఒక ఆకు కోసింది. తిప్పి చూసింది, వాసన చూసింది. "తింటే మత్తు రాదు కదా వదినా?" అని అడిగి, అప్పుడు నోట్లో పెట్టుకుంది.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.

ఉండండి... ఆ గుబగుబ ఆగిపోయిందేం? మీ తాతయ్య ఫోను ఇందాకటి దాకా ఈ బల్ల మీదే ఉంది. ఇప్పుడు లేదు.

మీరు కళ్ళు మూసుకోండి. నేను వసారాలోకి వెళ్ళి ప్లగ్గు పెట్టొస్తాను.