గుమ్మటం కింద గుసగుస

మామిడికాయలు గుమ్మడికాయలంత కాసే రోజుల్లో ఒక రాజు, పాడుబడిన కొలువుకూటాన్ని ఊరందరూ వచ్చి చూసి, తాకి నేర్చుకునే శాస్త్రశాలగా మార్చమని సున్నం మేస్త్రి గవరమ్మకి అప్పగించాడు. ఆ కూటం ఎంతదంటే, ఈ గోడవార నిలబడ్డ ఏనుగు ఆ గోడవారకి చీమలా కనబడేది.

"ఈ కూటం మీది గుమ్మటాన్ని ముట్టుకోను ప్రభూ, అందులోనే ఒక శాస్త్రముంది," అంది గవరమ్మ.

"బోడి గుమ్మటంలో శాస్త్రమేమిటి? కూల్చేద్దాం. అబద్ధమాడిన దీని తలా తీయిద్దాం," అన్నాడు మంత్రి భేతాళప్ప.

"పొద్దుగూకేలోగా చూపించు," అన్నాడు రాజు. బయట తలారి కత్తి నూరుతుంటే నిప్పురవ్వలు మబ్బుల్ని తాకుతున్నాయి.

గవరమ్మ రాజుని ఆ చివర గోడవార కూర్చోబెట్టి, మంత్రిని ఈ చివరకి పిలిచింది. గోడకేసి వంగి గుసగుసలాడింది. "అయ్యా, శాస్త్రం లేదని ఒప్పేసుకుంటా. నా తల నాకు వదిలేస్తారా?"

చీమంత రాజుకేసి ఓసారి చూసి, మంత్రి కూడా గోడకేసి వంగాడు. "ఒప్పుకోవే. ఇది కూలితే ఇక్కడ నా మేడ లేస్తుంది. దొడ్లో నీకో పాక వేయిస్తా."

గోడే బదులిచ్చింది, రాజు గొంతుతో. "మరి నాకు ఏ మూల చూపిస్తావు, భేతాళప్పా?"

బయట కత్తి నూరడం ఆగింది. రాజు నడిచొచ్చి, మంత్రినేం చేద్దామని గవరమ్మనే అడిగాడు.

"ఇక్కడే ఉంచండి ప్రభూ. గుమ్మటం కింద ఈ గోడ గుసగుసని ఆ చివరికెలా మోస్తుందో ఊరికి చెప్పడానికి ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు," అంది గవరమ్మ.