తప్పు ఏ అణువుది?

తేజకి అన్నం దిగట్లేదు. గాజుపెట్టె పగలగొట్టింది వాడు. తిట్లు తిన్నది వాడితో పాఠానికొచ్చే ఢిల్లేశ్వరి.

మామూలు పెట్టె కాదది. చల్లటి ఆవిరి పట్టించి చూస్తే, కంటికి కనపడని కణాలు పోయిన దారులు తెల్లగీతల్లా మెరుస్తాయి. పాలకొండలో పైడిరాజు మాస్టారు, మేడ మీద చెప్పే ఫిజిక్స్ పాఠాల కోసం, కిందామీదా పడి సొంతంగా చేసుకున్నారు. తేజ ఫొటో తీద్దామని వంగాడు, మోచెయ్యి తగిలింది. ఢమాల్.

మాస్టారు మేడెక్కేసరికి ఢిల్లేశ్వరి గాజుముక్కలు ఏరుతోంది.

"ఇంక నా పాఠానికి రాకు" అనేశారు.

ఆ పిల్ల తేజ వంక చూసింది. వాడు ఆకాశం వంక చూశాడు. ఏడుస్తూ వెళ్లిపోయింది.

తేజ ఇంక ఆగలేక, ఇవాళ మాస్టారికి చెప్పేద్దామని మేడెక్కి వచ్చాడు. కానీ ఉత్తినే చెప్పేస్తే తేజ ఎందుకవుతాడు? ఫుల్లుగా ప్రిపేరయ్యి వచ్చాడు.

"మాస్టారూ, పగలగొట్టింది నేనే. కానీ నేను కాదు."

"అదెలాగరా?"

"ఏ అణువు ఎటు కదలాలో సృష్టి మొదట్లోనే ఫిక్స్ కదా. నా మోచెయ్యీ అణువులేగా. తగలాలి, తగిలింది."

"మరి క్వాంటం పాఠంలో ఏం చెప్పాను? కణం ఎప్పుడేం చేస్తుందో ముందే తేల్చలేం, చాన్సే చెప్పగలం అన్నానా?"

తేజ మొహం వెలిగిపోయింది. "ఇంకా మంచిది! అయితే చాన్సే. ఎవడి తప్పూ లేదు."

"ఎటు తిప్పినా నువ్వే గెలిచావన్నమాట."

"నేను కాదు మాస్టారూ, ఫిజిక్స్!"

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. చేతిలో చాక్‌పీసు తేజ చేతిలో పెట్టి, కండువా భుజాన వేసుకున్నారు.

"ఎక్కడికండీ?"

"ఢిల్లేశ్వరి వాళ్లింటికి. ఏమైందని కూడా అడక్కుండా తరిమేశాను పిల్లని. వాళ్ల నాన్న ముందు చేతులు కట్టుకుని తప్పయిపోయిందని చెప్పాలి."

"మీరా? మీరెందుకు మాస్టారూ?"

"నా నోరూ అణువులేరా. తప్పు వాటిదో, చాన్సుదో ఆ బోర్డు మీద తేల్చి ఉంచు. పిల్ల అడిగితే చెప్పాలి కదా."

మెట్లు దిగిపోయారు.

తేజ బోర్డుకి చాక్‌పీసు ఆనించాడు. చెయ్యి కదల్లేదు. పిట్టగోడ మీంచి చూస్తే, మండుటెండలో, తల వంచుకుని నడిచిపోతున్నారు ఆ పెద్దాయన.

అంతే. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. వీధి మలుపులో ఆయన్ని దాటేశాడు. ఢిల్లేశ్వరి వాళ్ల తలుపు ఆయనకన్నా ముందు కొట్టింది వాడే.

ఢిల్లేశ్వరే తీసింది.

"తప్పు నాదే" అన్నాడు తేజ. ఒక్క ఫిజిక్స్ మాట రాలేదు.