అసురసంధ్య వేళ చాప పరచు గౌరి నోము కథ

అక్షతలు చేత పట్టుకొని మనసు ఇటు నిలిపి వినుడు. కూర్చొనలేని వారున్నచో పడుకొనియే వినుడు. ఈ నోమునకు అది అపచారము కాదు.

పూర్వము క్లమాపహుడను మహర్షి ఆశ్రమమునకు స్థిరబాహుడను ముని వచ్చి నమస్కరించి, "స్వామీ, కొందరికి ఎంత నిద్రించినను అలసట తీరదు. చిన్న పని చేసినను మరునాడో, ఆ మరునాడో కూలిపోవుచున్నారు. నాడి చూచిన వైద్యులు ఏమియు లేదనుచున్నారు. వారికి దిక్కెవరు?" అని అడిగెను. మహర్షి ఇట్లు చెప్పసాగెను.

కుందవాటిక యను నగరమున తిరుమలాంబ యను ఇల్లాలు కలదు. భర్త పోయినను పెత్తనము పోని మనిషి. పట్టపగలు నడుము వాల్చి యెరుగదు, వాల్చినవారిని చూచి ఓర్వదు. అసురసంధ్య వేళ ఇంట ఎవరైన పడుకొని యున్నచో గడప వరకు వచ్చిన లక్ష్మి వెనుదిరుగునని నమ్మి, దీపము పెట్టుటకు ముందే చాపలన్నియు చుట్టి మూలకు చేర్చెడిది. ఆమె కోడలు హంసవేణి పనిలో చురుకు, పాటలో దిట్ట. అట్టి అత్త నోట మెప్పు పొందిన కోడలని ఊరివారు వింతగా చెప్పుకొనిరి.

ఒక వానకాలమున హంసవేణికి జ్వరము వచ్చెను. జ్వరము పోయెను గాని పోయిన బలము తిరిగి రాలేదు. జడ వేసికొన్నను చేతులు వణికెను, వెలుతురు చూడలేకపోయెను, మాట నడుమ మాట మరచెను. తిరుమలాంబ మొదట జాలిపడెను, పిమ్మట విసుగుకొనెను, ఆపై "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని ఇరుగుపొరుగు వినునట్లు అనసాగెను. ప్రతి సంధ్యకు చాప లాగివేసి కోడలిని గోడకు చేర్చి కూర్చుండబెట్టెను. ఆ పిల్ల నోరెత్తలేదు. ఎత్తుటకు ఓపిక ఏది?

కొడుకు శ్రీకంఠుడు రాజవైద్యుడైన ఘనదత్తుని తోడ్కొని వచ్చెను. ఆయన ఇది రోగము కాదనియు, పడుకొని పడుకొని కండలు పని మరచినవనియు, మనసులోని భయము వదలిన అన్నియు సర్దుకొనుననియు చెప్పి, ఆలయము చుట్టు ప్రదక్షిణలు చేయించి దినదినము ఒకటి పెంచుమనెను. తన మాటకు శాస్త్రము తోడైనదని తిరుమలాంబ పొంగిపోయి, కోడలిని తానే చేయి పట్టి నడిపించెను. హంసవేణి నడచెను, ఆ మరునాటికి మంచము పట్టెను. లేచిన పిమ్మట మరల నడిపించిరి. నదికి పోవు శక్తి పోయెను. మరల నడిపించిరి, కూర్చుండు శక్తి పోయెను. అప్పటికిని మానక, మోసికొని పోయి ఆలయమున దింపి నడిపించిరి; ముద్ద నమలు శక్తియు పోయెను. ఉగ్గుగిన్నెతో గంజి పోయవలసి వచ్చెను.

అంతట శీలభట్టను మరియొక వైద్యుడు, ఈ ప్రదక్షిణల వలన రోగులు చెడుచున్నారని రాజుతో మొరపెట్టుకొనెను. రాజు సభ పిలిచి, ఘనదత్తుని వాదము గెలిచినచో ఇట్టి రోగులనందరిని భటులే తీసికొనిపోయి నడిపింతురని చాటించెను. తిరుమలాంబ ఘనదత్తుని పక్షమున సాక్ష్యము పలుక పోయెను.

ఘనదత్తుడు తన రోగులలో పెక్కుమంది కోలుకొనిరని చెప్పెను. కోలుకొనుట యనగా నేమని శీలభట్టు అడిగెను. ఘనదత్తుడును అతని శిష్యులును మొదట నదినుండి బిందెతో నీరు తెచ్చుటయని నియమించి, చికిత్స నడుమ ఆ కొలత తగ్గించి, గడప దాటిన చాలుననిరని బయటపడెను. అట్లయిన తమ గడప దాటి చికిత్సకు చేరిన నాడే వీరందరు కోలుకొనినవారు గదా యని శీలభట్టు అనగా సభ గొల్లుమనెను. మధ్యలో మానివేసినవారి సంగతి అడుగగా, రానివారిని ఎట్లు లెక్కింతుమనిరి. ఘనదత్తుడు కోపించి కోలుకొనినవారి పేళ్లు చదివించెను. అందు హంసవేణి పేరు వినబడెను.

తిరుమలాంబ ఎవరును పిలువకయే లేచి నిలిచెను.

"కోలుకుందా? మరి ఉగ్గుగిన్నెతో నేను గంజి పోస్తున్నది ఎవరికయ్యా? బద్ధకమని నేనూ అన్నాను, ఊరంతా వినేట్టు అన్నాను. మింగడానికి కూడా ఎవరైనా బద్ధకిస్తారా బాబూ?"

ఘనదత్తుడు, "అయితే పడుకోబెట్టుకో. ఇక జన్మలో లేవకపోతే ఆ పాపం నీదే తల్లీ" అనెను. రాజు ఎటును తేల్చలేక, తీర్పు వచ్చు వరకు ఏ ఇంటి పెద్ద ఆ ఇంట నిర్ణయింపవలెననెను.

తిరుమలాంబ ఇల్లు చేరెను. నడిపించిన చచ్చునేమో, నడిపింపకున్న ఎన్నటికిని లేవదేమో! దీపాల వేళ గడప వద్ద ఒక ముసలి ముత్తైదువ నిలిచి, "కాస్త నడుం వాలుస్తానమ్మా, చాప వెయ్యి" అనెను.

"అసురసంధ్య కదమ్మా!"

"అందుకే అడుగుతున్నా. పొద్దుటినుంచీ ఇల్లిల్లూ తిరుగుతాను. కూర్చోమనేవాళ్లే గానీ పడుకోమనేవాళ్లు ఒక్కరూ లేరు."

ఆ మాటకు తిరుమలాంబ కన్నీరు ఆగలేదు. కోడలి ప్రక్కనే చాప పరచెను. ముత్తైదువ పడుకొని నోము విధానము చెప్పెను: సంధ్యవేళ అలసినవారు అడుగక మునుపే చాప పరచవలెను. దీపపు వత్తి తగ్గింపవలెను. ఎప్పుడు లేతువని అడుగరాదు. ఓపిక ఉండగానే పని ఆపింపవలెను.

"ఇలా చేస్తే లేస్తుందా?" అని తిరుమలాంబ అడిగెను.

"అది నేనూ చెప్పలేను. వెదికేవాళ్లని వెదకనీ. నువ్వు మాత్రం తొయ్యకు" అని పలికి ఆమె అదృశ్యమయ్యెను. చాపపై కుంకుమ మాత్రము మిగిలెను. గౌరియే వచ్చినదని తిరుమలాంబ గ్రహించెను.

నోము పట్టగా కొన్ని నెలలకు హంసవేణి ముద్ద నమలెను, మాటాడెను. అత్త సంతోషము పట్టలేక పేరంటము పిలిచి ఒక్క పాట పాడుమనెను. కోడలు కాదనలేక పాడెను. ఆ మరునాటికి గొంతు పోయి, మరల ఉగ్గుగిన్నె వచ్చెను. తిరుమలాంబ గౌరి పటము వైపు పోక, తిన్నగా కోడలి ముందు మోకరిల్లి చెంపలు వేసికొనెను. నాటినుండి తప్పక నోము సాగించెను.

ఏండ్లు గడచిన పిమ్మట రాజు ప్రదక్షిణల చికిత్స కూడదని తీర్పు చెప్పెను. ఘనదత్తుని శిష్యులు నేటికిని ఒప్పుకొనరు. హంసవేణి వాకిట కూర్చుండగలిగెను. నదికి మాత్రము పోలేదు. ధాన్యము నిండెననియు, బంగారము కురిసెననియు ఇచ్చట కలుపువారు కలరు. మహర్షి కలుపలేదు, నేనును కలుపను.

ఈ నోము రోగులు పట్టరాదు. వారికి ఆ శ్రమ యేల? అత్తలు పట్టవలెను, మగలు పట్టవలెను, నాడి చూచి ఏమియు లేదనిన వైద్యులు మరి ముఖ్యముగా పట్టవలెను. పట్టినవారికి ఎదుటివారి మాట నమ్ము బుద్ధి కలుగును. ఉద్యాపనకు ఒక మెత్తని చాప, గిన్నెడు గంజి అలసినవారి చెంత ఉంచి, చప్పుడు చేయక వెలుపలికి రావలెను. ఇప్పుడు అక్షతలు మీ శిరసున వేసికొనుడు. ఈ ఇంటి లోపలి గదిలో పడుకొనియున్న అమ్మాయి నిద్రపోయినచో లేపకుడు; ఆమె వంతు అక్షతలు తలగడ ప్రక్కన ఉంచి రండు.