నూరోవాడి జ్వరం

ఆ పూటకి గవిరయ్య దగ్గరున్న లెక్క మొత్తం తొంభై తొమ్మిది. రూపాయలు కావు, మనుషులు. ఊళ్ళో కరోనా టీకా వేయించుకున్నవాళ్ళు.

"జనం వెనకాముందూ చూడకుండా చెయ్యి చాపేస్తున్నారు. మనం అలా కాదు. చూసి, లెక్కగట్టి, అప్పుడు కదుల్తాం" అని గవిరయ్యతో కలిపి బొడ్డేపల్లి అన్నదమ్ములు ముగ్గురికీ మహా గర్వం.

బడిలో టీకాలు మొదలుపెట్టిన రోజే నర్సమ్మ "భయపడకండయ్యా, నూటికి ఏ ఒక్కరికో కాస్త జ్వరం రావచ్చు, అంతే" అంది.

"ఆ ఒక్కడెవడో తేలాక వస్తాం" అన్నాడు గవిరయ్య.

ఇంకేముంది, బడి అరుగు మీద మూడు రోజులు కాపలా. పెద్దవాడు పెంటయ్య వేళ్ళు ముడుస్తాడు. నడిపివాడు సన్యాసి టీకా వేయించుకున్న వాళ్ళ ఇళ్ళకెళ్ళి నుదురు తాకి చూస్తాడు. షావుకారు కోడలి నుదురు తాకబోయి చీపురుదెబ్బలు తిన్నాడు. అయినా జ్వరం లేదన్న కబురు మాత్రం పట్టుకొచ్చాడు.

"తొంభై తొమ్మిది మందిలో ఒక్కరికీ జ్వరం లేదు. ఎంత మంచి మందురా!" అన్నాడు సన్యాసి.

"మొద్దూ! నూటికొకరికి రావాలి. ఇంతవరకూ ఎవరికీ రాలేదు. అంటే నూరో మనిషికి ఖాయం!" అన్నాడు చిన్నవాడు గవిరయ్య.

సరిగ్గా అప్పుడే వరసలో ముందున్నది వాళ్ళమ్మ పైడితల్లి. ఆయాసం మనిషి. "ఈమెకి జబ్బు తగిలితే తట్టుకోలేదు. ఇవాళే ఆఖరి రోజు, తప్పక తీసుకురండి" అని పొద్దున్నే నర్సమ్మ ఇంటికొచ్చి మరీ చెప్పింది.

గవిరయ్య అమ్మని వెనక్కి లాగాడు. వెనకున్నాయన "నూరోవాణ్ణా? నాకేం ఖర్మ!" అని వెళ్ళి చివర నిలబడ్డాడు. ఆ వెనకామె కూడా అంతే. వరసంతా తిరగలిలా తిరుగుతోంది గానీ, కుర్చీలో కూర్చునేవాడు లేడు.

"సీసాలో రెండు డోసులే మిగిలాయి, పారబోయమంటారా?" అని కేకేసింది నర్సమ్మ.

"అమ్మ కోసం నేనే నూరోవాణ్ణవుతా!" గవిరయ్య ఎడమచెయ్యి చాపాడు.

"తమ్ముడూ, నీ కొత్త పంచె నాకు రాసిచ్చి వెళ్ళరా" అని ఏడ్చాడు సన్యాసి.

వరసంతా చూస్తుండగా అరగంటైంది. గవిరయ్య ఒళ్ళు చల్లగా ఉంది.

"రాలేదా! అయితే అది అమ్మ మీదికే వస్తుందిరా!" అన్నాడు పెంటయ్య.

అంతే. గవిరయ్య రెండు కంబళ్ళు కప్పుకుని నడినెత్తి ఎండలో బడి మేడెక్కాడు. పెంటయ్య చెంబెడు మిరియాల చారు కాచి తాగించాడు. గంటకల్లా గవిరయ్య మిరపపండులా ఎర్రబడి, తూలుతూ దిగాడు.

"వచ్చేసింది జ్వరం! అమ్మా, ఇంక నీకేం భయం లేదు!"

ఆ అవతారం చూసి వరస మొత్తం "బాబోయ్, టీకా!" అని పరుగో పరుగు. పైడితల్లి ఒక్కతే మిగిలింది.

నర్సమ్మ గవిరయ్య నుదురు తాకింది. "ఇది టీకా జ్వరం కాదు నాయనా, ఎండదెబ్బ. టీకా నిన్నేం చెయ్యలేదు. నీళ్ళు తాగి నీడన కూర్చో" అని ఆఖరి డోసు సూదిలోకి ఎక్కించింది.

"అంటే అసలు జ్వరం ఇంకా మిగిలే ఉందా!"

పైడితల్లి రొప్పుకుంటూ కుర్చీ వైపు నడుస్తోంది. గవిరయ్య ఒక్క దూకు దూకి అందులో కూలబడ్డాడు.

"ఒరే, లెగరా! అది నాదిరా!"

"నీకు తెలీదమ్మా, నువ్వూరుకో" అంటూ గవిరయ్య ఈసారి కుడిచేతి చొక్కా పైకి మడిచాడు.